కన్నీటికి సాక్ష్యం అక్కర్లేదా?

ఆ మధ్య సికింద్రాబాదులో ఒక పఠనగోష్ఠి జరిగింది. వచ్చినవాళ్ళు పాతికమందికి మించరు. చాలామంది విద్యార్థులు, నాబోటి పంతుళ్ళు నలుగురైదుగురు. అరబ్బు దేశాల స్త్రీల జీవితాల గురించి ఇంగ్లీషులో వెలువడిన స్వీయకథలు ఎంతవరకు నమ్మదగ్గవి అన్నది చర్చ. ఈ పుస్తకాలు మా వూరివాళ్ళకు కొత్తవి కావు. పేవ్‌మెంటు మీద పాతపుస్తకాలు అమ్మే చోట్ల ఒకటో రెండో కనిపిస్తూనే వుంటాయి. లోపలి కథ ఏదైనా అట్టమీది బొమ్మ ఇంచుమించు ఒకటే: నల్లని ముసుగు, అందులోంచి చూసే రెండు కళ్ళు.

గోష్ఠిలో రెండు వాదాలు వినిపించాయి. ఒక మిత్రుడు అన్నాడు: “వివరాలు తప్పయితే కావచ్చు. స్త్రీల బాధ నిజమే గదా? కన్నీటికి సాక్ష్యం అడగటం పోలీసుల పని గాని సాహిత్య విమర్శకుల పని కాదు.” మరొక మిత్రుడు లేచి, “ఇవన్నీ సామ్రాజ్యవాదుల అంగట్లో తయారైన సరుకు. అరబ్బుల మీదికి సైన్యం వెళ్ళబోయే ముందు అరబ్బు స్త్రీల మీద జాలి పుట్టించే పుస్తకాలు వస్తాయి. వీటిని చదవవలసిన అవసరమే లేదు” అన్నాడు.

రెండు వాదాలకూ చప్పట్లు మోగాయి. రెండింటికీ చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా కొందరున్నారు. నాకు మొదట ఆశ్చర్యం వేసింది. తరవాత ఆలోచించగా, అందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదని తోచింది. పైకి బద్ధవిరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలూ చేసే పని ఒకటే. పుస్తకం తెరిచి, ఇది నిజమా కాదా అని విచారించే శ్రమ నుంచి అవి మనల్ని తప్పిస్తున్నాయి. ఒకరు అంతా నమ్మి తప్పించుకుంటారు, మరొకరు అంతా కొట్టేసి తప్పించుకుంటారు. ఈ శ్రమ తప్పించుకునే హక్కు అభ్యుదయవాదులకు లేదని చెప్పటానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

1

మొదటి వాదాన్ని ఒక పుస్తకం మీద పెట్టి పరీక్షిద్దాం. 2003లో నోర్మా ఖూరీ అనే ఆమె ‘ఫర్బిడెన్ లవ్’ అనే పుస్తకం ప్రకటించింది. ఇది కల్పన కాదనీ, తన అనుభవమనీ చెప్పింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో తానూ, తన స్నేహితురాలు దాలియా కలిసి క్షౌరశాల నడిపేవాళ్ళట. దాలియా ముస్లిం. ఆమె ఒక క్రైస్తవుణ్ణి ప్రేమిస్తే కన్నతండ్రే ఆమెను పొడిచి చంపాడట. ఒక్క ఆస్ట్రేలియాలోనే ఈ పుస్తకం రెండు లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడుపోయింది. రచయిత్రి సభల్లో మాట్లాడింది. శ్రోతలు కంట తడిపెట్టారు.

2004 జులైలో సిడ్నీ పత్రికలో మాల్కమ్ నాక్స్ అనే పాత్రికేయుడు అసలు సంగతి బయటపెట్టాడు. ఆమె మూడేళ్ళ పసిపిల్లగా వున్నప్పుడే జోర్డాన్ వదిలివెళ్ళింది. పెరిగిందీ, పెళ్ళి చేసుకుందీ, పిల్లల్ని కన్నదీ అమెరికాలోని చికాగోలో. దాలియాతో కలిసి అమ్మాన్‌లో క్షౌరశాల నడిపానని చెప్పిన కాలంలో ఆమె కాపురం అక్కడే. ప్రచురణకర్తలు పుస్తకాన్ని ఉపసంహరించుకున్నారు. 2007లో ఈ వ్యవహారం మీద ఆనా బ్రోయినోవ్‌స్కీ ఒక డాక్యుమెంటరీ తీసింది. ఆ చిత్రంలో రచయిత్రి అమ్మాన్ దాకా వెళ్ళి కూడా రుజువు చూపలేకపోయింది.

ఇంతవరకు తెలిసిన కథే. మా మిత్రుడు దీనికీ సమాధానం చెప్పగలడు: “ఒక దాలియా లేకపోతేనేం? జోర్డాన్‌లో పరువు పేరుతో హత్యలు జరగటం అబద్ధమా?”

అబద్ధం కాదు. అయితే ఆ నిజాన్ని లోకానికి చెప్పిందెవరు? అది అడగాలి. జోర్డాన్ టైమ్స్ పత్రికలో రనా హుస్సేనీ అనే యువతి 1990లలో నేరవార్తల విలేకరిగా చేరింది. 1994లో ఒక పదహారేళ్ళ బాలికను అన్న చంపితే, ఆమె ఆ వాడకు వెళ్ళి, ఇరుగుపొరుగును అడిగి, మరొక అన్న చేసిన బలాత్కారం ఆ హత్యకు మూలమని రాసింది. నాటి నుంచి ఒక్కొక్క హత్యనే పేరుతో, ఊరితో, కోర్టులో పడిన శిక్షతో నమోదు చేస్తూ వచ్చింది. అలా పేరుచేసిన లెక్క ఏటా 15 నుంచి 20 హత్యల వరకు తేలేది. తక్కువ సంఖ్యేనని ఎవరైనా అంటే అనవచ్చు. ఆమె మాత్రం దాన్ని పెంచి చెప్పలేదు. హంతకులకు శిక్ష తగ్గించే 340వ సెక్షన్ రద్దు కావాలని 1999లో అక్కడివాళ్ళు వేలాది సంతకాలు సేకరించారు. పార్లమెంటు దిగువసభ ఒప్పుకోలేదు. ఇదంతా పాశ్చాత్యుల కుట్ర అని ఛాందసులు గోల చేశారు.

సరిగ్గా ఆ పోరాటం నడుస్తున్న రోజుల్లో ఖూరీ పుస్తకం వచ్చింది. దాన్ని మొదట అనుమానించింది సామ్రాజ్యవాద వ్యతిరేకులూ కాదు, మతపెద్దలూ కాదు. రనా హుస్సేనీ, జోర్డాన్ జాతీయ మహిళా కమిషన్ కార్యదర్శి అమల్ అల్‌సబ్బాగ్ మొదట అనుమానించారు. పుస్తకంలో 70కి పైగా తప్పులు పట్టారు. జోర్డాన్‌కు కువైట్‌తో సరిహద్దు వున్నట్టు అందులో రాసివుంది! పటం చూసిన హైస్కూలు పిల్లవాడు కూడా చేయని తప్పు అది. ఈ పట్టికను ప్రచురణకర్తలకు పంపారు. ప్రయోజనం లేకపోయింది. లక్షల ప్రతులు అమ్ముడవుతున్న కన్నీటి ముందు ఇద్దరు అరబ్బు స్త్రీల సాక్ష్యానికి విలువ లేకపోయింది.

“కన్నీటికి సాక్ష్యం అడగరాదు” అన్న సూత్రం ఆచరణలో ఎవరికి వకాల్తా పుచ్చుకున్నదో చూడండి. చికాగోలో కూర్చుని కథ అల్లిన ఆమెకు! ఎవరి నోరు మూసింది? హత్య జరిగిన ఇంటి గడప దాకా వెళ్ళి వచ్చిన ఆమె నోరు. బూటకం బయటపడిన తరవాత, “చూశారా, ఈ హత్యల కథలన్నీ ఇంతే” అనే అవకాశం ఛాందసులకు దొరికింది. సాక్ష్యం అడగటం పోలీసుల పని అంటున్నారు మా మిత్రులు. ఇక్కడ సాక్ష్యం అడిగింది పోలీసులు కాదు, పీడిత స్త్రీల పక్షాన నిలబడిన స్త్రీలు. వాళ్ళకు అది విమర్శ కళ కాదు, ఉద్యమ అవసరం.

2

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. నవలలో ఇదే కథ రాస్తే ఒప్పుకునేవారు గదా అని. ఒప్పుకునేవాళ్ళమే. చలం ‘మైదానం’లో రాజేశ్వరి ‘నేను’ అంటూ కథ చెబుతుంది. ఆమె ఏ వీధిలో వుండేదని ఇంతవరకు ఎవరూ అడగలేదు. 1982లో సాగర్ సర్హదీ తీసిన ‘బాజార్’ చిత్రం హైదరాబాదు పేదపిల్లను గల్ఫు ధనికుడికి కట్టబెట్టే కథ. ఆ పిల్ల పుట్టినతేదీ ఎవరూ అడగలేదు. కల్పన అని చెప్పి కల్పన ఇచ్చినవాడు పాఠకుణ్ణి మోసగించటం లేదు. “ఇది జరిగింది, నేను చూశాను” అన్నవాడు మాత్రం మరొక ఒప్పందం మీద సంతకం పెడుతున్నాడు. ఆ సంతకం విలువ మీదనే పుస్తకం అమ్ముడవుతుంది. సాక్షిగా సంపాదించుకున్న గౌరవాన్ని జేబులో వేసుకుని, పట్టుబడినప్పుడు “నేను కళాకారిణిని” అంటే చెల్లదు.

అయితే పొరపాటు వేరు, కల్పన వేరు. ఈ తేడా గట్టిగా పట్టుకోకపోతే మనం నిజంగానే పోలీసులమవుతాం. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలుసుకుని, వాళ్ళు చెప్పిన జీవితకథలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించింది. ముప్పై అయిదేళ్ళ నాటి సంగతులు చెప్పేటప్పుడు ఒకామె ఏడాది తప్పు చెప్పవచ్చు. ఒక ఊరి సంఘటన మరొక ఊరితో కలిసిపోవచ్చు. జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. పక్కవాళ్ళ జ్ఞాపకంతో పోల్చి సరిదిద్దుకోవచ్చు. కాని ఆ స్త్రీలు ఆ అడవిలో తిరిగారు, ఆ ఆకలి తిన్నారు, ఆ బిడ్డల్ని పోగొట్టుకున్నారు. అడవిని చూడనివాడు అడవి గురించి చెప్పేది జ్ఞాపకం తడబాటు కాదు.

ఈ పుస్తకం పేరు ఇక్కడ ఎత్తటానికి మరో కారణం కూడా వున్నది. అందులోని స్త్రీలు భూస్వాముల గురించీ, నిజాం పోలీసుల గురించీ మాత్రమే చెప్పలేదు. పోరాటం విరమించాక తమను ఇళ్ళకు పంపి, వంటగదుల్లోకి నెట్టిన సంగతి కూడా చెప్పారు. అది మన సంగతి. వినటానికి ఇంపుగా లేదు. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ ప్రకటించినప్పుడు కూడా మనం తలవంచుకుని చదవవలసిన పుటలు అందులో వున్నాయి. ఆమె తన పేరుతో, మనుషుల పేర్లతో, కాలంతో సహా చెప్పింది. ఎవరికైనా అభ్యంతరం వుంటే ఎదురు చెప్పటానికి వీలుగా చెప్పింది. నిజమైన సాక్షి లక్షణం అది. మన మీద సాక్ష్యం చెప్పినప్పుడు తేదీలూ రుజువులూ అడిగి, అరబ్బుల మీద చెప్పినప్పుడు కన్నీరు చాలునంటే, అది విమర్శ కాదు, పక్షపాతం.

3

ఇక రెండో మిత్రుడి వాదం. ఇందులో నిజం లేకపోలేదు. ‘ఫర్బిడెన్ లవ్’ వచ్చిన 2003లోనే ఇరాక్ మీద దాడి జరిగింది. స్త్రీల దురవస్థను చూపించి ఒక జాతిని పరిపాలనకు అనర్హమైనదని తేల్చటం పాత విద్య. దాని రుచి మనకు తెలుసు. 1927లో కాథరిన్ మేయో అనే అమెరికన్ ‘మదర్ ఇండియా’ రాసింది. మన బాల్యవివాహాలనూ, బాలింతల చావులనూ ఏకరువు పెట్టి, ఇలాంటివాళ్ళకు స్వరాజ్యమా అన్నది. గాంధీ దాన్ని మురుగుకాలువలు తనిఖీ చేసినవాడి నివేదిక అన్నాడు. లజపతిరాయ్ ఒక పుస్తకమే జవాబుగా రాశాడు.

మేయో ఉద్దేశం నీచమైనదే. అంతమాత్రాన బాల్యవివాహాలు అబద్ధమా? వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. మేయో అప్పటికి పదిహేనేళ్ళు నిండని పిల్ల. ఆమె పుస్తకానికి నలభై ఆరేళ్ళ ముందే ఒక తెలుగువాడు అదే మురుగులోకి దిగి, చీపురు పట్టుకుని, తన వాళ్ళ చేత రాళ్ళు వేయించుకున్నాడు. పుస్తకం వచ్చిన రెండేళ్ళకు, 1929లో, శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళివయస్సు 14గా నిర్ణయించింది. మేయోకు కోపంతో జవాబు చెప్పి వూరుకున్నవాళ్ళ కంటె, ఆ చట్టం కోసం పనిచేసినవాళ్ళే ఆమెకు గట్టి జవాబు చెప్పారు. శత్రువు తన అవసరం కొద్దీ వాడుకున్నాడని మన ఇంటి నిజాన్ని మనం కొట్టిపారేస్తే లాభం ఎవరికి? ఇంట్లో కర్ర పట్టుకున్నవాడికి.

అరబ్బు స్త్రీల విషయమూ అంతే. మా మిత్రుడు “చదవవలసిన అవసరం లేదు” అన్న పుస్తకాల గుట్టలో ఎవరెవరు వున్నారో చూద్దాం. ఈజిప్టుకు చెందిన హుదా షారావీ వున్నది. 1919లో బ్రిటిష్ వాళ్ళకు వ్యతిరేకంగా స్త్రీలను వీధుల్లోకి నడిపించింది. 1923లో కైరో రైల్వేస్టేషన్‌లో ముసుగు తీసింది. నవాల్ ఎల్ సాదావీ వున్నది. వైద్యురాలు, సామ్రాజ్యవాదానికీ అనుకూల పాలకులకూ శత్రువు. 1981లో సాదత్ ఆమెను జైల్లో పెట్టాడు. సౌదీకి చెందిన మనాల్ అల్ షరీఫ్ వున్నది. 2011లో కారు నడిపినందుకు జైలుకు వెళ్ళి, 2017లో ఆ కథ తన పేరుతో రాసింది. వీళ్ళు సామ్రాజ్యవాదుల అంగట్లో సరుకా?

కాకపోతే అంగడివాడు వీళ్ళను కూడా వదలలేదు. హుదా షారావీ జ్ఞాపకాలు ఆమె మరణానంతరం 1981లో అరబ్బీలో వెలువడ్డాయి. ఆ పేరుకు అర్థం ఆధునిక అరబ్బు స్త్రీకి దారిచూపిన ఆమె జ్ఞాపకాలు అని. 1986లో ఇంగ్లీషులోకి వచ్చేసరికి పేరు ‘హరేమ్ ఇయర్స్’ అయింది. అరబ్బీలో ఎక్కువ భాగం ఆమె రాజకీయ జీవితం. ఇంగ్లీషులో ముందుకు వచ్చింది అంతఃపురం. సాదావీ అరబ్బీలో పెట్టుకున్న పేరు అరబ్బు స్త్రీ నగ్నముఖం. 1980లో ఇంగ్లీషులో అది ‘హిడెన్ ఫేస్’, అంటే మరుగున పడ్డ ముఖం, అయింది. ఆమె విప్పి చూపించిన ముఖానికి అనువాదంలో మళ్ళీ ముసుగు కప్పారు, మనం తీసి చూసి సంతోషించటానికి! ఇక్కడ చెప్పినామె అబద్ధం చెప్పలేదు. తూకం మాత్రం మారిపోయింది. అందుకే పుస్తకంలోని మాట నిజమా అని అడిగితే చాలదు. ఏది ఉంచారు, ఏది తీశారు, ఎవరు తీశారు అని కూడా అడగాలి. చదవనివాడు ఈ ప్రశ్న ఎలా అడుగుతాడు?

జీన్ సాసన్ అనే అమెరికన్ రచయిత్రి 1992లో ప్రకటించిన ‘ప్రిన్సెస్’ వంటివి మరొక రకం. సౌదీ రాజకుమారి కథ అంటారు. ఆ రాజకుమారి పేరు మారుపేరు. ప్రాణభయం వున్నవాళ్ళు పేరు దాచుకుంటే తప్పుపట్టను. కాని సాక్షి పేరు దాచినప్పుడు రాసినవాళ్ళ బాధ్యత రెట్టింపవుతుంది. దాచిన పేరు వెనక సరిచూసుకోదగ్గ వివరం ఎంత వున్నదో పాఠకుడికి చెప్పాలి. అది లేనప్పుడు పాఠకుడు దాన్ని అబద్ధమనీ అనలేడు, నిజమనీ అనలేడు. నిజమని మాత్రం అమ్ముతారు.

4

గోష్ఠి ముగిసే వేళకు వెనక బెంచీలోంచి ఒక విద్యార్థిని లేచింది. “మా అమ్మ పదకొండేళ్ళు గల్ఫులో ఇంటిపని చేసింది. మీరు చెప్పిన పుస్తకాల్లో మా అమ్మ ఏ పేజీలో వుంది సార్?” అని అడిగింది. ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేకపోయాను.

మా సికింద్రాబాదులో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం వున్నది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేలమంది ఆడవాళ్ళు కువైట్ వెళ్ళారో మనకు తెలుసు. ముప్పై ఏళ్ళు నిండని స్త్రీ ఇంటిపనికి వెళ్ళరాదని మన ప్రభుత్వ నిబంధన. ఆ నిబంధన పుణ్యమా అని వయస్సు మార్చి, దొంగదారిన పంపే ఏజెంట్ల వ్యాపారం పెరిగింది. అరబ్బు స్త్రీ గురించి చర్చించటానికి ఇంగ్లీషు పుస్తకం దాకా పోయాం గాని, అరబ్బు ఇంటి వంటగదిలో పదకొండేళ్ళు గడిపిన మనిషి మన పక్కవీధిలో వుంటే ఒక మాట అడగలేదు.

తరవాత ఆ అమ్మాయితో వాళ్ళింటికి వెళ్ళాను. తల్లిది రాయచోటి వైపు. మొదట, “మా బతుకు గురించి ఏముంది సార్ రాసేదానికి” అన్నది. తరవాత చెప్పింది. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నారు. మొదటి నెలల జీతం ఏజెంటు బాకీకే పోయింది. అర్ధరాత్రి దాటాక పడక, తెల్లవారకముందే లేవటం. ఆ ఇంటి యజమానురాలి సంగతి అడిగాను. చేతిలోని బియ్యం చాట పక్కనపెట్టి, కాసేపు వూరుకుని చెప్పింది:

“ఆయమ్మను మొగుడు కొట్టేటోడు సార్. ఒకనాటి రాత్రి వంటింట్లోకొచ్చి నా పక్కన కూచోని ఏడ్సింది. నేనూ ఏడిస్తి. పొద్దున్నే లేసి, గ్లాసు పగిలిందని నా జీతం పట్టుకునింది. రెండూ జరిగినాయి సార్.”

రెండూ జరిగాయి. మొదటి మిత్రుడికి ఇందులో మొదటి వాక్యం చాలు. ముసుగు వెనక కన్నీరు దొరికింది. రెండో మిత్రుడికి ఆ వాక్యం అక్కర్లేదు. జీతం మాట ఒక్కటి చాలు. రెండూ కలిపి చెప్పింది మాత్రం ఎనిమిదో తరగతి దాటని మనిషి. దెబ్బలు తినే స్త్రీ మరొక స్త్రీ కూలి పట్టుకోగలదు. పురుషుడి పెత్తనమూ, కూలి దోపిడీ ఒకే ఇంట్లో, ఒకే రాత్రి పక్కపక్కన కూర్చోగలవు. రాజకుమారి కథలో ఈ పనిమనిషి ట్రే పట్టుకుని వచ్చి పోతుంది. ఆమెకు పేరు వుండదు, జీతం వుండదు, వూరు వుండదు. ఆ పుస్తకం ప్రతి మాటా నిజమే అయినా, అది సగం నిజం.

ఆమె మాట సరిచూడటానికి వీలున్న మాట కూడా. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర వుంచుకోరాదనీ, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ 2015లో కువైట్ చేసిన చట్టం చెబుతున్నది. వెళ్ళొచ్చినవాళ్ళ నోటిమాటను ఈ చట్టం పక్కన పెట్టి చూడవచ్చు. పాస్‌పోర్టు మీద ముద్రలుంటాయి, డబ్బు పంపిన రసీదులుంటాయి, అదే ఏజెంటు పంపిన మరో పదిమంది వుంటారు. ఒకరి మాటకు మరొకరి మాట తోడు నిలిస్తే, అప్పుడది కన్నీరుగా మిగిలిపోదు. జీతం బకాయి రాబట్టే ఫిర్యాదు అవుతుంది, ఏజెంటును బోనెక్కించే సాక్ష్యం అవుతుంది. నిజం కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అబద్ధం మీద జాలి నిలబడవచ్చు గాని, కేసు నిలబడదు.

అట్లాగని దోషమంతా అరబ్బుల నెత్తిన వేసి చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ళ పిల్ల ఏడుస్తుంటే విమాన పరిచారిక ఒకామె ఎందుకని అడిగింది. అరవై ఏళ్ళ సౌదీకి ఆ పిల్లను ఇచ్చి పెళ్ళి చేశారని అప్పుడు దేశానికి తెలిసింది. అందరికీ ఆ ముసలివాడు గుర్తున్నాడు. బేరం కుదిర్చిన మనవూరి దళారీ ఎవరికి గుర్తున్నాడు? ఆ పెళ్ళికి ఒప్పించిన దరిద్రం ఎవరికి గుర్తున్నది? అక్కడ కూడా ఆ పిల్లను ఒక ప్రశ్న అడిగి, జవాబు నమ్మి, సరిచూసిన మనిషి వల్లనే మేలు జరిగింది. జాలిపడి వూరుకున్నా, వాళ్ళ ఆచారం మనకెందుకని వూరుకున్నా ఆ పిల్ల ఢిల్లీ దాటిపోయేది.

కాబట్టి విద్యార్థి మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఇది. ఈ స్వీయకథలు చదవండి. చదివేటప్పుడు, ఈ మాటకు జవాబుదారీ ఎవరు, సరిచూడటానికి ఏమున్నది, మధ్యలో ఎవరి కత్తెర పడింది, ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎక్కడున్నారు అని అడగండి. ఈ ప్రశ్నలు మన ఉద్యమాల కథలకూ వర్తింపజేయండి. ఆ తరవాత పుస్తకం మూసి, మీ వీధిలో గల్ఫు నుంచి తిరిగివచ్చిన ఒక స్త్రీ దగ్గరికి వెళ్ళండి. పేరు వేయవద్దంటే వేయకండి. వివరం మాత్రం తప్పకుండా రాసుకోండి, మరొకరితో సరిచూడండి.

మా గోష్ఠి వచ్చే సమావేశానికి ఇంగ్లీషు పుస్తకం పెట్టుకోలేదు. ఆ అమ్మాయి తల్లీ, ఆమెతో పాటు పనిచేసి వచ్చిన మరో ఇద్దరూ వస్తామన్నారు. మిత్రులిద్దరినీ రమ్మని పిలిచాను. చప్పట్లు కొట్టవద్దనీ, నోటుబుక్కులు తెచ్చుకోమనీ అందరికీ చెప్పాను.